వార్త వేడుకగా మారినప్పుడు: ధాత కరువు నుండి కొత్తచెరువు దారి వరకు

1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో వైస్రాయి లార్డ్ లిట్టన్ మహా దర్బారు జరిపి, విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. సంస్థానాధీశులు ఏనుగులతో, పరివారాలతో తరలివచ్చారు. ఈ వైభవం కళ్ళారా చూసి లోకానికి చెప్పడానికి పత్రికా సంపాదకులను సైతం ప్రత్యేకంగా ఆహ్వానించారు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు తన రాజధానిని విడిచి ఆ వేడుకకు వెళ్ళాడు. సరిగ్గా అదే సమయాన ఆయన ఏలుబడిలోని బళ్ళారి జిల్లాలో జనం ఆకలితో రాలిపోతున్నారు. నేటి కొత్తచెరువు, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు అప్పటికి ఆ జిల్లాలోనివే. అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది 1882లో. 1876-77 ధాత నామ సంవత్సరం కనుక సీమ ప్రజలు ఆ విపత్తును ధాత కరువని పిలుచుకున్నారు.

వార్తకూ వేడుకకూ గల సంబంధం టెలివిజన్‌తో పుట్టిందని మనలో చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. ఢిల్లీ దర్బారు ఆనాటి పాలకులు తయారుచేసి పత్రికలకు అందించిన వార్త. కరువు వారు తయారుచేయని వార్త, అందువల్లనే వారికి ఇష్టంలేని వార్త. దర్బారు ముగిసీ ముగియకముందే లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రాంతాలకు పంపాడు. ఆయనకు అప్పగించిన పని ఖర్చు తగ్గించడం. కరువు పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానిపైన కొద్దిపాటి పైకం చాలునని టెంపుల్ నిర్ణయించాడు. ఆ తిండితో కష్టం చేసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ లెక్కలు చూపి వాదించాడు. ఆ వాదాన్ని జనం ముందు పెట్టినవారిలో 'మద్రాస్ టైమ్స్' సంపాదకుడు విలియం డిగ్బీ ముఖ్యుడు. మద్రాసు నుండి వెళ్ళిన విజ్ఞప్తుల ఫలితంగా 1877 ఆగస్టులో లండన్ మేయరు సహాయనిధిని ప్రారంభించాడు. లక్షల పౌండ్ల చందాలు వచ్చాయి. డిగ్బీ ఆ కరువు చరిత్రను 1878లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. అదే 1878లో లిట్టన్ దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చాడు. దర్బారుకు పత్రికలను పిలిచిన చేయీ, చట్టం మీద సంతకం పెట్టిన చేయీ ఒకటే.

అయితే డిగ్బీ విజయానికి ఒక హద్దు ఉంది. లండన్ నగరాన్ని కదిలించినది కుప్పలుగా పడిన మరణాలే గాని, అంతకుముందు రెండు మూడేళ్ళుగా ఎండుతూ వచ్చిన చెరువులు కావు. 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. దాని వెంట కరువు నియమావళి వచ్చింది. ప్రభుత్వం ఎప్పుడు మేల్కోవాలో అందులో రాశారు. నిద్రపోకుండా ఉండడం ఎలాగో రాయలేదు. ఒక శతాబ్దం తరువాత ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఇదే విషయాన్ని మరోవిధంగా చెప్పారు. స్వేచ్ఛగల పత్రికలున్న దేశంలో పెద్ద కరువు మరణాలు సంభవించవు, ఎందుకంటే అవి ప్రభుత్వాన్ని కూల్చగల వార్త అవుతాయి. కాని అవే పత్రికలు ఏటికేడు కొనసాగే అర్ధాకలిని పెద్దగా పట్టించుకోవు. కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెల చరిత్రకు ఈ మాట ఎంతగానో వర్తిస్తుంది.

కథకులూ ధ్రువీకరణా

వినోదాన్ని రాజకీయాయుధంగా వాడిన తొలి ఉదాహరణలలో ఒకటి ఇస్లాం చరిత్ర ఆరంభంలోనే కనిపిస్తుంది. మక్కా ఖురైషీ ప్రముఖుడు నద్ర్ బిన్ హారిస్ పర్షియా ప్రాంతాలు తిరిగి రుస్తుం, ఇస్ఫందియార్ వీరగాథలు నేర్చివచ్చాడు. దైవప్రవక్త (స) ప్రజలకు ఉపదేశించి లేచివెళ్ళిన చోటనే అతడు కూర్చుని ఆ కథలు వినిపించేవాడు. ముహమ్మద్ చెప్పేదానికన్నా తన కథలు రసవత్తరంగా లేవా అని అడిగేవాడు. సూరా లుఖ్మాన్ 6వ ఆయతు అవతరణ సందర్భంగా పలువురు వ్యాఖ్యాతలు ఈ ఉదంతాన్నే పేర్కొన్నారు. గమనించవలసింది ఏమంటే, నద్ర్ ఉపదేశాన్ని ఖండించే శ్రమ పడలేదు. వినేవారి చెవిని మరోవైపు తిప్పితే చాలునని గ్రహించాడు.

తరువాతి తరాలలో మస్జిదుల్లో, వీధుల్లో కథలు చెప్పి జనాన్ని పోగుచేసే 'ఖుస్సాసు'లు బయలుదేరారు. వారిలో సద్బుద్ధితో బోధించినవారూ ఉన్నారు. కాని శ్రోతలు పెరిగినకొద్దీ కథలు కూడా పెరిగాయి. హిజ్రీ 279లో బాగ్దాదు వీధుల్లో కథకులు, జ్యోతిష్కులు కూర్చోరాదని చాటింపు వేయించినట్లు చరిత్రకారుడు తబరీ నమోదు చేశాడు. హిజ్రీ 6వ శతాబ్దిలో ఇబ్నుల్ జౌజీ (రహ్మ) ఈ కథకుల గురించి ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్, యహ్యా బిన్ మయీన్ (రహ్మ) ఇద్దరూ ఒక మస్జిదులో కూర్చుని ఉండగా, ఒక కథకుడు వారి పేర్లతోనే కల్పిత హదీసు వినిపించి చందా పోగుచేసుకున్న కథ ప్రసిద్ధం. ఇదేమిటని అడిగితే, లోకంలో ఆ పేర్లు గలవారు మీరిద్దరేనా అని అతడు ఎదురు ప్రశ్న వేశాడట! విశేషమేమిటంటే ఇమామ్ జహబీ (రహ్మ) వంటి విమర్శకులు ఈ కథను కూడా అంగీకరించలేదు. కల్పితాలను ఎండగట్టే కథ అయినంత మాత్రాన సనదు పరీక్ష నుండి దానికి మినహాయింపు దొరకలేదన్నమాట. ముహద్దిసుల నిజాయితీకి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

వార్తను పరీక్షించాలన్న ఆదేశాన్ని ఈనాడు చాలామంది వ్యక్తిగత నీతిగా మాత్రమే బోధిస్తున్నారు. అది అవతరించిన సందర్భం చూస్తే, రాజ్యం తీసుకునే చర్యకు సంబంధించిన నియమంగా కూడా కనిపిస్తుంది. సూరా హుజురాత్ 6వ ఆయతు విషయమై వ్యాఖ్యాతలలో అధిక సంఖ్యాకులు చెప్పేది ఇది: బనూ ముస్తలిఖ్ తెగ నుండి జకాతు వసూలుకు వెళ్ళిన వలీద్ బిన్ ఉఖ్బా, తనను ఎదుర్కోలు పలకడానికి వచ్చినవారిని చూసి భయపడి వెనుదిరిగాడు. వారు జకాతు ఇవ్వ నిరాకరించారనీ, తనను చంపబోయారనీ మదీనాలో చెప్పాడు. సైనిక చర్య దాకా మాట వచ్చింది. విచారించగా ఆ తెగవారు విశ్వాసంలో స్థిరంగా ఉన్నారని తేలింది. ఒక్క తప్పుడు వార్త ఒక తెగ మొత్తాన్ని కత్తికి అప్పగించి ఉండేది.

రెండవ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) తమ సతీమణులకు విడాకులిచ్చారన్న వదంతి మదీనాలో పుట్టింది. హజ్రత్ ఉమర్ (రజి) మస్జిదుకు వచ్చేసరికి జనం విచారంగా కూర్చుని ఆ మాటే చెప్పుకుంటున్నారు. ఆయన దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి నేరుగా అడిగారు. లేదని జవాబు వచ్చింది. వెంటనే మస్జిదు ద్వారం వద్ద నిలబడి, అది అబద్ధమని పెద్ద గొంతుతో ప్రకటించారు. భద్రతకో భయానికో సంబంధించిన వార్త చేరగానే చాటింపు వేయక, బాధ్యులైనవారికి నివేదించాలని చెప్పే సూరా నిసా 83వ ఆయతును ఈ ఉల్లేఖనం ఆ సందర్భంతోనే జతపరుస్తుంది. వదంతి ఏ చోట వ్యాపించిందో ఆ చోటనే, అంతకన్న పెద్ద గొంతుతో సవరణ వినిపించింది. ఈ సంగతి గుర్తుంచుకొని ఇక మన రాష్ట్రం వైపు చూడవచ్చు.

చైతన్యరథం నుండి కెమెరా వరకు

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో 'ఈనాడు' ప్రారంభమైంది. అప్పటిదాకా తెలుగు పత్రికలో పల్లెకు చోటు స్వల్పం. ఈ పత్రిక చిన్న ఊళ్ళలో విలేఖరులను నియమించి, 1989 నుండి జిల్లా అనుబంధాలు వేసి, ఊరి వార్తను ఊరివాడికే అమ్మింది. ఇది చిన్న మార్పు కాదు. 1982 మార్చి 29న సినీనటుడు ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ స్థాపించి చైతన్యరథమెక్కి రాష్ట్రమంతా తిరిగినప్పుడు, ఆ యాత్ర ఒక ధారావాహిక కథలా రోజూ పత్రికలో వచ్చింది. తొమ్మిది నెలలకు, 1983 జనవరిలో, ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. 1985 నుండి ఆయన శాసనసభకు ఎన్నికైన హిందూపురం కొత్తచెరువుకు దూరం కాదు. 1984 ఆగస్టులో గవర్నరు ఆయనను తొలగించి, నెలరోజులకే తిరిగి పీఠమెక్కించవలసి వచ్చినప్పుడు కూడా, ఆ నెలరోజుల ఉత్కంఠను పత్రిక చదివే ప్రతి ఇల్లూ అనుభవించింది.

వేడుక అంతా వ్యర్థమనడం అన్యాయమే అవుతుంది. ఆ ఆర్భాటం వెనుక కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కరువు సీమలో అది నిజమైన అన్నం. అలాగే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ప్రారంభించిన సారా వ్యతిరేకోద్యమాన్ని 'ఈనాడు' ప్రత్యేక పుటలు కేటాయించి రాష్ట్రమంతా పాకించింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. మద్యాన్ని హరాముగా ఎంచే సమాజం ఈ ఘనతను ఒప్పుకోవడానికి వెనుకాడనవసరం లేదు. కాని 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించినప్పుడు దాన్ని ఆపగల వెల్లువ మళ్ళీ లేవలేదు. ఉద్యమం వార్త. అమలు వార్త కాదు.

వ్యవసాయం విషయంలో ఇదే తేడా మరింత కఠోరంగా కనబడుతుంది. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా వేళకు రాదు. లక్షల ఎకరాలలో ఒకే పంట వేరుశనగ. ఏటా మే, జూన్ నెలల్లో సబ్సిడీ విత్తనకాయల కోసం రైతులు వరుసలలో నిలబడతారు. పంట పోతే బెంగుళూరుకో కేరళకో వలస వెళతారు. ఇందులో కొత్త లేదు, కనుక శీర్షిక లేదు. రైతు ఉరివేసుకుంటే మాత్రం శీర్షిక ఉంది. 1990ల చివరి నుండి ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాయి. 2004 జూన్ 1న కొత్త ప్రభుత్వం 421వ నంబరు జీవో జారీచేసి, చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయల సహాయం, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ప్రకటించింది. ఆ సాయం అందిన వితంతువులకు అది అవసరమైనదే. అయినా ఆ ఉత్తర్వు ఒక విషయాన్ని తెలియజేస్తుంది. వార్త మరణం దగ్గర మొదలైతే విధానం కూడా మరణం దగ్గరే మొదలవుతుంది. బతికి ఉన్న రైతు ఆ జీవోలో అర్హుడు కాడు.

1995లో ప్రైవేటు తెలుగు ఛానళ్ళు వచ్చాయి. 2004 తరువాత ఇరవైనాలుగు గంటల వార్తా ఛానళ్ళు ఒకదాని వెంట ఒకటి పుట్టాయి. పత్రికకు రోజుకొక ఉదయం చాలు. ఛానలుకు ప్రతి గంటా ఒక ఉదయం కావాలి. అన్ని వార్తలు ఏ రాష్ట్రంలోనూ జరగవు. కనుక ఉన్న వార్తనే సాగదీయాలి, లేదా దానికి నేపథ్య సంగీతం చేర్చాలి.

2011లో కొత్తచెరువు దీన్ని తన దారి మీదనే చూసింది. ధర్మవరం వైపు నుండీ పెనుకొండ వైపు నుండీ పుట్టపర్తికి పోయేవారు కొత్తచెరువు మీదుగానే పోతారు. ప్రశాంతి నిలయం రైల్వేస్టేషను కూడా ఆ పరిసరాలలోనే ఉంది. ఆ ఏడాది మార్చి 28న సత్యసాయి బాబా ఆసుపత్రిలో చేరారు, ఏప్రిల్ 24న మరణించారు. ఆ నాలుగు వారాలూ ఛానళ్ళ వాహనాలు పుట్టపర్తిలో మకాం వేశాయి. అది వార్త కాదని ఎవరూ అనరు. లక్షలాది భక్తుల దుఃఖం నిజమైనది. ఆ ట్రస్టు 1990లలో అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీరు అందించిన మాటా నిజమే; నమ్మకాలు వేరైనా ఆ నీరు తాగినవారిలో ముస్లింలూ ఉన్నారు. కాని ఆ కెమెరాలు గంట గంటకూ అడిగినది ఆరోగ్య బులెటిన్ గురించి, వారసుల గురించి, ఆస్తుల గురించి. తాగునీటికి ఒక ధర్మసంస్థ మీద ఆధారపడవలసిన గతి ఈ జిల్లాకు ఎందుకు పట్టిందన్నది ఆ నెలలో అడగదగిన ప్రశ్న. అంత్యక్రియలు ముగిశాక వాహనాలు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. దారికి అటూ ఇటూ ఉన్న చేలు వానకోసం ఎదురుచూస్తూ అట్లాగే ఉన్నాయి.

ప్రతినాయకుడు కావలసివచ్చినప్పుడు

వేడుకకు నాయకుడుంటే చాలదు, ప్రతినాయకుడు కూడా కావాలి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. నాలుగు నెలల తరువాత, 2010 జనవరి 7న, విదేశీ వెబ్‌సైటులో కనబడిన ఒక ఆధారరహిత కథనాన్ని పట్టుకొని, ఆ మరణం వెనుక ఒక పారిశ్రామిక సంస్థ ఉన్నదని ఒక తెలుగు ఛానలు ప్రసారం చేసింది. మరికొన్ని దాన్ని అందుకున్నాయి. ఆ రాత్రే రాష్ట్రంలో అనేకచోట్ల ఆ సంస్థ దుకాణాల మీద, పెట్రోలు బంకుల మీద జనం దాడిచేశారు. మరునాడు పాత్రికేయులు అరెస్టయ్యారు. వలీద్ బిన్ ఉఖ్బా తెచ్చిన వార్తకు మదీనాలో విచారణ జరిగింది. ఇక్కడ విచారణకు ముందే దండయాత్ర జరిగిపోయింది.

పారిశ్రామిక సంస్థకు న్యాయవాదులున్నారు, బీమా ఉంది. 2007 మే 18 శుక్రవారం నాడు హైదరాబాదు మక్కా మస్జిదులో బాంబు పేలింది. పేలుడులో 9 మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో 5గురు చనిపోయారు. తరువాతి రోజులలో పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. 'విశ్వసనీయ వర్గాల' పేరిట వచ్చిన కథనాలు వారిని విచారణకు ముందే దోషులుగా నిలబెట్టాయి. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది ఎల్. రవిచందర్ ఆ యువకులను కలిసి, వారు చిత్రహింసలకు గురయ్యారని 2008లో నివేదించారు. వారు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. జైలుపాలైనవారికి మూడేసి లక్షల రూపాయల పరిహారం ఇస్తూ ప్రభుత్వం చేసిన నిర్ణయాన్ని 2013లో హైకోర్టు కొట్టివేసింది. పేలుడు కేసులో తరువాత నిందితులైన మరో అయిదుగురిని కూడా 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం విడుదల చేసింది. ఆ పద్నాలుగు ప్రాణాలు తీసినందుకు ఈనాటికి ఏ ఒక్కరికీ శిక్షపడలేదు. యువకుల పట్టివేతను రోజులతరబడి చూపిన తెరకు, ఎవరూ దోషి కాని నేరం ఆసక్తికరమైన కథ కాలేదు.

2020 వసంతంలో ఇది దేశవ్యాప్తమైంది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజులో మార్చి నెలలో జరిగిన తబ్లీగీ సమావేశానికి వెళ్ళినవారిలో కొందరికి కరోనా సోకినట్లు నెలాఖరులో బయటపడింది. అది ప్రజారోగ్య రీత్యా తెలియజేయవలసిన వార్తే. వెళ్ళివచ్చినవారు పరీక్షలు చేయించుకోవడం అవసరమే. కాని కొన్ని ఛానళ్ళు రోగానికి 'జిహాద్' అన్న పేరు తగిలించాయి. కేంద్ర ఆరోగ్యశాఖ రోజువారీ లెక్కల్లో ఆ ఒక్క సమావేశానికి సంబంధించిన కేసులను విడదీసి చెప్పింది. తెరమీది విభజన అట్లా ప్రభుత్వ పట్టికలోకి ఎక్కింది. దేశంలో పలుచోట్ల కూరగాయలమ్మే ముస్లింలను వీధుల్లోకి రానీయలేదు. ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి, ఇటువంటిది ఏ మతస్థుల సమావేశంలోనైనా జరగవచ్చుననీ, రోగానికి మతం అంటగట్టవద్దనీ ప్రజలకు చెప్పవలసివచ్చింది.

పెనుకొండ బాబయ్య దర్గాకు, గూగూడు కుళ్ళాయప్ప మొహర్రానికి హిందువులు వేల సంఖ్యలో వచ్చే ప్రాంతం ఇది. ఆ ఆచారాల మీద ఉలమాలకు అభ్యంతరాలుంటే ఉండవచ్చు, అది వేరే చర్చ. ఇక్కడ చెప్పదలచినది, ఈ నేల మీద ముస్లిం తెరమీద కనిపించే అపరిచితుడు కాడని. ధర్మవరం మగ్గం దగ్గర, కొత్తచెరువు అంగట్లో పక్కన నిలబడే మనిషి. ఆ పక్కమనిషి గురించి కూడా ఢిల్లీ స్టూడియోను అడిగి తెలుసుకొనే స్థితి రావడమే ఆ వసంతంలో జరిగిన అసలు నష్టం.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీది కేసులను కొట్టివేస్తూ, పత్రికలు, టీవీలు వారిపై సాగించిన ప్రచారాన్ని తీవ్రంగా విమర్శించింది. వారిని బలిపశువులుగా ఎన్నుకున్నారన్న భావం వ్యక్తపరచింది. డిసెంబరు 15న ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులుగా ప్రకటించింది. 2021 సెప్టెంబరు 2న, ఈ ప్రసారాలపై దాఖలైన పిటిషన్ల విచారణలో, దేశంలో ప్రతిదానికీ కొన్ని మాధ్యమాలు మతం రంగు పులుముతున్నాయని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ఆవేదన వెలిబుచ్చారు. ఆయన న్యాయవాది కాకముందు కొంతకాలం 'ఈనాడు'లో పాత్రికేయులు.

విదేశీ తబ్లీగీలకు ఆశ్రయమిచ్చిన 70 మంది భారతీయుల మీది 16 కేసులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఢిల్లీ హైకోర్టు వాటిని 2025 జూలై 17న కొట్టివేసింది. లాక్‌డౌన్ వల్ల కదలలేకపోయిన ప్రయాణికులకు తమ ఇళ్ళల్లో, మస్జిదుల్లో చోటిచ్చారన్నదే అయిదేళ్ళుగా వారి మీద ఉన్న నేరారోపణ.